జాడీలో దూలపు మసి

లువో యూషియెన్ ఇంటి తలుపు మీద పదకొండు ఎర్ర చీటీలు ఉన్నాయి. ఎండకి వెలిసి కొన్ని గులాబీ రంగుకి దిగాయి, కొన్ని అంచులు ఊడి గాలికి టపటపలాడుతున్నాయి. అయినా ఒక్కటి కూడా పీకనివ్వదు. ఒకప్పుడు ఊళ్లోకి శుభ్రత తనిఖీ వాళ్లు వచ్చేవారు. అద్దంలా ఉన్న ఇంటికి ఎర్ర చీటీ, ఫరవాలేదనిపించిన ఇంటికి పసుపు చీటీ, చీపురు మరిచిన ఇంటికి తెల్ల చీటీ అంటించి పోయేవారు. తెల్ల చీటీ పడిన ఇల్లాలు నెల రోజులు బావి దగ్గరికి తలెత్తుకుని పోలేకపోయేది. షిజిపో వాలు మీద నలభై గడపలుంటే, వచ్చిన ప్రతిసారీ ఎర్ర చీటీయే పడిన గడప యూషియెన్‌ది ఒక్కటే.

అలాంటి మనిషి ఇంటికి దుమ్ము కావాలంటూ ఒక పిల్ల వచ్చింది.

ఆ ఊరి పంచాంగంలో కుక్క పేరుతో వచ్చే సంవత్సరం, పదకొండో నెల. కొండ మీద పొగమంచు మధ్యాహ్నం దాకా విడలేదు. పిల్ల పేరు థావ్. రాష్ట్ర రాజధానిలో పరిశోధనాలయంలో పనట. వీపున పెద్ద సంచి, కాళ్లకి మోకాళ్ల దాకా బురద. యూషియెన్ కోడలు లీచియోంగ్ ఏడో నెల కడుపుతో గుమ్మంలో కూర్చుని మొక్కజొన్న ఒలుస్తోంది. ఆమెతోనే మాట్లాడింది ముందు.

"మీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారని ఆసుపత్రి పుస్తకంలో ఉందక్కా. అందుకే మీ ఇల్లు మా జాబితాలో మొదటిది."

"మా ఆయన నాయనమ్మ ఒకరు. పెద్దత్తయ్య ఒకరు," అంది లీచియోంగ్. "ఇద్దరూ చుట్ట ముట్టని వాళ్లే. లోపలికి రా, మా అత్తకి చెబుదువుగాని."

లోపల, నడుమ గదిలో నిప్పుగుంట దగ్గర యూషియెన్ కూర్చుని ఉంది. నేలలో తవ్విన గుంట, చుట్టూ రాళ్లు, మీద ముక్కాలి పీట, దాని మీద నల్లటి నీళ్ల బిందె. గుంటలో పొగబొగ్గు మండుతోంది. ఈ కొండల్లో ఎక్కడ తవ్వినా అదే బొగ్గు. పైన కొక్కేనికి ఉప్పు పట్టించిన పంది తొడలు రెండు, మొక్కజొన్న కంకుల దండలు నాలుగు వేలాడుతున్నాయి. ఆ పైన దూలం. అరవై ఏళ్ల పొగ తాగి లక్క పూసినట్టు నల్లగా మెరుస్తోంది.

థావ్ అంతా చెప్పింది. ఇంట్లో దుమ్మంటే ఉత్త మట్టి కాదు. గదిలో ఏది మండితే దాని మసి, ఏది చల్లితే దాని పొడి, అన్నీ వచ్చి దాంట్లో కూర్చుంటాయి. గాలి ఎగిరిపోతుంది, మనిషి మరిచిపోతాడు, దుమ్ము మాత్రం మరవదు. దాన్ని తీసుకుపోయి లాబులో పరీక్ష చేస్తే, ఆ ఇంటివాళ్లు ఇన్నేళ్లూ ఏం పీల్చారో తెలుస్తుంది. మన కొండల్లో ఆడవాళ్లే ఎందుకు ఎక్కువగా పోతున్నారో పట్టుకోవచ్చు.

"మగవాళ్లు వెదురు గొట్టంలో గుడగుడలాడిస్తూ రోజంతా పొగాకు పొగ పీలుస్తారు. మా ముసలాయన డెబ్బై తొమ్మిదో ఏడు దాకా పీల్చి, నవ్వుతూ పోయాడు," అంది యూషియెన్. "మరి వాళ్లకి రాదేం ఆ జబ్బు?"

"అదే తెలుసుకోవాలవ్వా. వాళ్లకీ వస్తుంది. కానీ ఆడవాళ్ల లెక్క మాకు అంతుపట్టడం లేదు."

"మీకు అంతుపట్టదని మా ఇల్లు ఊడవొద్దంటావు."

"ఊడవొద్దనే అంటున్నా. పన్నెండో నెల ఇరవై ఆరున వస్తాను. అప్పటిదాకా దూలాలు దులపకండి. నేలైతే ఊడ్చుకోండి, పైన మాత్రం ముట్టుకోవద్దు."

యూషియెన్ బొగ్గు పట్టకారు కింద పెట్టింది. పన్నెండో నెల ఇరవై నాలుగు అంటే ఏడాది దుమ్ము దులిపే రోజు. కొత్త సంవత్సరం గడపలోకి వచ్చేలోపు పాత ఏడాది మసి బయటికి పోవాలి. ఆ రోజు బూజుకర్ర పట్టని ఇల్లాలిని ఊరు మనిషిగా చూడదు.

"పిల్లా, నువ్వు వచ్చే రోజుకి నా దూలం నుంచి మసి తోరణాలు వేలాడుతుంటే, అది చూసిన షున్‌యింగ్ ఊరంతా తప్పెట వేసుకుని తిరుగుతుంది."

"వేస్తే వెయ్యనీ అత్తా," అంది లీచియోంగ్ గుమ్మంలోంచే. "ముందు ఆ పిల్ల తెచ్చిన ఒప్పంద కాయితం మీద వేలిముద్ర వెయ్యి."

లీచియోంగ్‌కి ఆ తొందర ఊరికే రాలేదు. కడుపు పండినప్పటి నుంచి అత్తా కోడళ్ల మధ్య ఒకటే గొడవ. వంట ఎప్పుడో పొగగొట్టం ఉన్న పొయ్యి మీదికి మారింది, ప్రభుత్వం వాళ్లు ఇటుకలిచ్చి కట్టించారు. అయినా ఈ నిప్పుగుంటని యూషియెన్ వదల్లేదు. చలికాలమంతా అందరూ దీని చుట్టూనే, పంది తొడలు దీని పైనే. చంటిబిడ్డ ఉయ్యాల ఈ గదిలోనే వెయ్యాలని అత్త, గుంట పూడిస్తే గాని వెయ్యనని కోడలు.

"పూడ్చకపోతే బిడ్డని మా అమ్మ ఇంట్లోనే పెంచుతా. నువ్వు నెలకోసారి వచ్చి చూసి పో."

"నీ మొగుడు ఈ గుంట పక్కనే పెరిగాడు. లారీ చక్రంలా ఉన్నాడు, వాడికేమైంది?"

"ఆయన నాయనమ్మకేమైంది? పెద్దత్తయ్యకేమైంది?"

ఆ మాట దగ్గర యూషియెన్ నోరు ఎప్పుడూ మూతపడిపోయేది. ఈసారి మూతపడలేదు. థావ్ చేతిలో కాయితం వైపు చూసి, "సరే. దుమ్మునే చెప్పనీ. ఈ నిప్పే వాళ్లని మింగిందని లాబువాళ్లు అంటే, నా చేతుల్తో నేనే పూడుస్తా. కాదంటే ఇక నువ్వు నోరెత్తకూడదు," అంది. ఎర్ర సిరాలో బొటనవేలు ముంచి, కాయితం చిరిగేంత గట్టిగా అద్దింది.

తరవాతి నెలలో ఊరిపెద్ద ఫాన్ మైకులో చాటించాడు. "ఇరవై ఆరున రాజధాని నుంచి మనుషులొస్తారు. ఇళ్లల్లో దుమ్ము చూస్తారు. అందరూ సిద్ధంగా ఉండండి." ఊడవొద్దని కూడా చెప్పాడు పాపం, కానీ అప్పటికే చెవులు వినాల్సింది వినేశాయి. పైనుంచి వచ్చి ఇంట్లో దుమ్ము చూసేవాళ్లు ఎవరు? ఇన్నేళ్లలో వచ్చింది ఎవరు? చీటీలవాళ్లే. ఊడవొద్దన్నారంటే మనల్ని పట్టుకోడానికి వేసిన ఎర. షిజిపో ఆడవాళ్లు ఆ మాటకి నవ్వుకుని, నడుం బిగించి, చీపుళ్లు అందుకున్నారు.

పక్కింటి షున్‌యింగ్ నిచ్చెన అరువుకి వచ్చింది. "వదినా, నువ్వు మొదలెట్టలేదేం? ఈసారి ఎర్ర చీటీ నాదే."

"పో, దులుపుకో," అంది యూషియెన్. వాళ్లు చీటీలవాళ్లు కాదని ఆమెకి తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

ఇరవై ఐదున లీచియోంగ్ సంతకి వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. గుంటలో నిప్పు గుసగుసలాడుతోంది. యూషియెన్ దాని పక్కన చాలాసేపు కూర్చుంది. ఈ రాళ్ల చుట్టూ ఎన్ని పిరుదులు కాగాయో లెక్కలేదు. బియ్యం దంచి చేసిన దిమ్మ ముక్కలు నిప్పు మీద పొంగుతుంటే పిల్లలు చేతులు కాల్చుకునేవారు. బూడిదలో బంగాళాదుంపలు మగ్గుతుంటే, ఎవరి దుంప ఎక్కడ పాతారో మరిచిపోయి తగువులు పడేవారు. మంచు పడ్డ రోజు మొగుడు లోపలికొచ్చి తడి బూట్లు రాళ్ల మీద పెడితే లేచే ఆ ఆవిరి వాసన, తోలు, బొగ్గు, చెమట కలిసిన వాసన, అదే ఆమెకి సంసారం. ఇదంతా నాలుగు తట్టల మట్టి కింద పోతుందంటే ఎవరికి ప్రాణం ఒప్పుతుంది? దుమ్ముకి నోరొస్తే ఏం చెబుతుందో ఆమెకి లోపల ఎక్కడో తెలుసు. తెలియకపోతే భయమెందుకు?

లేచి బూజుకర్ర తీసింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి నిచ్చెనెక్కి, తలకి గుడ్డ చుట్టుకుని, దూలం ఈ కొస నుంచి ఆ కొస దాకా దులిపి, తడిగుడ్డతో తుడిచింది. మసంతా తట్టకెత్తి పందుల దొడ్లో పేడలో కలిపేసింది. సంత నుంచి వచ్చిన లీచియోంగ్ తలెత్తి చూసి నిలబడిపోయింది.

"ఏంటత్తా ఇది?"

"అందరూ దులిపారు. నేనొక్కదాన్నే మురికిముండలా కూర్చోమంటావా?"

లీచియోంగ్ సంచి దింపి, తన గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆమె అరిచి ఉంటే యూషియెన్‌కి హాయిగా ఉండేది.

ఇరవై ఆరున థావ్ వచ్చింది. పొద్దున్నుంచి తొమ్మిదిళ్లు తిరిగింది. ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఇల్లాలు కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉంది. ప్రతి దూలమూ తళతళలాడుతోంది. షున్‌యింగ్ అయితే, తన చీటీ ఏదని సంచిలోకి తొంగి చూసిందట. సాయంత్రానికి యూషియెన్ ఇంటికి చేరేసరికి పిల్ల మొహంలో నెత్తురు లేదు. తల పైకెత్తి దూలం చూసింది. గుంట పక్కన పీట మీద కూలబడింది.

"ఇక్కడ కూడా..." అని ఆగిపోయింది.

ఆ పిల్ల తిట్టి ఉంటే యూషియెన్ నాలుగు తిట్లు కలిపి ఇచ్చేది. తిట్టలేదు. ముక్కు చీదుకుని, "ఆకలేస్తోందవ్వా," అంది.

బూడిదలోంచి బంగాళాదుంపలు తీసి ముందు పోసింది యూషియెన్. ఉప్పూ కారం కలిపిన చిప్ప పక్కన పెట్టింది. పిల్లకి చేత్తో తొక్క తియ్యడం రాదు, కత్తి అడిగింది. రెండో దుంప దగ్గర కత్తి జారి చూపుడువేలు చీల్చింది. నెత్తురు బొటబొటా బూడిదలో పడింది.

యూషియెన్ ఆలోచించలేదు. అరవై ఏళ్ల అలవాటుకి ఆలోచనతో పనేముంది? వెనక్కి తిరిగి గోడ గూట్లోంచి పొడుగాటి ఊరగాయ జాడీ దింపింది. మూత తీసింది. మూడు వేళ్లతో నల్లటి పొడి తీసి, పిల్ల వేలు పట్టుకుంది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఏంటవ్వా అది?" అంది థావ్.

బూడిదే అనొచ్చు. మందే అనొచ్చు. నోట్లోకి రెండు మాటలూ వచ్చాయి. తలుపు దగ్గర లీచియోంగ్ కడుపు మీద చెయ్యేసుకుని నిలబడి చూస్తోంది. ఆ కోడలికి కూడా, కూర తరుగుతూ వేలు తెగిన మొదటి వారంలో, ఇదే జాడీలోంచి ఇదే పొడి అద్దింది యూషియెన్.

పొడిని మళ్లీ జాడీలోకి రాల్చేసింది. పాత గుడ్డ చింపి పిల్ల వేలికి కట్టు కట్టింది. ముడి గట్టిగా బిగించి, అప్పుడు చెప్పింది.

"దూలపు మసి. తెగిన చోట అద్దితే నెత్తురు ఆగుతుంది. మా అత్త నేర్పింది. ఏడాదికోసారి దూలాలు దులిపినప్పుడు, మంచిది గుప్పెడు తీసి ఇందులో పోసి, పైన ఎర్ర కాయితం గుండ్రంగా కత్తిరించి పరిచేది. తలుపుకి అంటించే శుభ కాయితాల్లో మిగిలిన ముక్క. ఏ ఏడాది మసి ఆ ఏడాదిగా ఉండాలనేది. కొత్తది చిన్న కోతలకి, పాతది పెద్ద గాయాలకి. ఆవిడ పోయాక నేనూ అలాగే పోస్తూ వచ్చా."

థావ్ నోట్లో దుంప అలాగే ఉండిపోయింది. "ఎన్నేళ్లవ్వా?"

"నేను కోడలిగా వచ్చిన ఏడు మొదలు. అంతకు ముందు జాడీని పిల్లి పడగొట్టింది. కరువు ఏళ్లలో పొయ్యిలో నిప్పే లేదు, మసెక్కడిది. అవి పోగా యాభై ఆరు కాయితాలుంటాయి."

పిల్ల జాడీ వైపు చూసిన చూపు, పెళ్లికొడుకు కూడా పెళ్లికూతురి వైపు అలా చూడడు. చెయ్యి చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. "ఇస్తారా?"

"ఆగు. ముందు ఒకటి చెప్పాలి," అంది యూషియెన్. కోడలి వైపు చూడకుండా చెప్పింది. "ఊళ్లో వాళ్లంతా మీరు చీటీలవాళ్లనుకుని దులిపారు. వాళ్ల తప్పేం లేదు. నేను తెలిసే దులిపాను. ఈ గుంట పోతుందని. ఆ షున్‌యింగ్‌కి నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే తొమ్మిదిళ్ల దుమ్మూ నీకు దొరికేది."

లీచియోంగ్ లోపలికొచ్చి, ఆపసోపాలు పడుతూ పీట మీద కూర్చుంది. "నాకు నిన్ననే తెలుసు," అంది. "నువ్వు ఎప్పుడైనా తడిగుడ్డతో దూలం తుడిచావా? దొంగ చేత్తో చేసిన పని మరీ శుభ్రంగా ఉంటుంది."

"తెలిసీ ఊరుకున్నావే?"

"అరిస్తే నీకు బలం వస్తుందని."

థావ్ నవ్వాపుకోలేక దగ్గింది.

తరవాత సంచిలోంచి చిన్న చిన్న గాజు సీసాలు, సన్నటి ఉక్కు చెంచా, చేతులకి పల్చటి తొడుగులు తీసింది. నిప్పుకి దూరంగా, కిటికీ కింద బల్ల మీద తెల్ల కాయితం పరిచింది. ఒక్కొక్క పొరా ఒక చెంచా. ప్రతి సీసా మీదా ఏ ఏడాదో రాయాలి. యూషియెన్‌కి సంవత్సరాల అంకెలు తెలియవు. ఎర్ర కాయితాలు లెక్కపెడుతూ తనకి తెలిసిన తీరున చెబుతూ పోయింది. థావ్ లెక్క కట్టుకుంటూ రాసింది.

"పైనది నిరుడు. దాని కిందది మా ముసలాయన పోయిన ఏడు. చూడు, చావు ఏడని కాయితం తెల్లది పెట్టాను. దాని కింద మా వాడు లారీ కొన్న ఏడు... ఇది పొగగొట్టం పొయ్యి కట్టిన ఏడు. ఇటుకలు దింపుతూ మా ఆయన కాలి మీద వేసుకున్నాడు, అప్పుడు కూడా ఈ మసే. ఇది చూడు, ఎర్ర కాయితం కాదు, తనిఖీ చీటీ వెనక వైపు. పాత ఆచారాలు వద్దన్న ఏళ్లలో శుభ కాయితాలు ఎక్కడ దొరుకుతాయి? ప్రభుత్వం వాళ్ల చీటీ కత్తిరించే నేను మా అత్త ఆచారం చేశా."

కిందికి పోయేకొద్దీ కాయితాలు నల్లబడ్డాయి, మసి జిగటగా ఉండలు కట్టింది. ఒక పొర దగ్గర యూషియెన్ మాట ఆగింది. ఆ పొర మీద కాయితం గుండ్రంగా లేదు. అంచులు పూరేకుల్లా కత్తిరించి ఉన్నాయి.

"ఇది గుయ్‌షియెన్ అక్క కత్తిరించింది," అంది. "నా తోడికోడలు. అది ఏది కత్తిరించినా పువ్వు చేసేది. మసి మీద పువ్వేంటే అని మా అత్త తిట్టేది కూడా."

చెంచా ఆపి థావ్ ఆమె వైపు చూసింది. యూషియెన్ గుంట వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

"నేను కాపురానికి వచ్చిన మూడో రోజు మా అత్త ఇద్దరు కోడళ్లనీ కూర్చోబెట్టింది. ఒకరు పొలానికి, ఒకరు నిప్పుకి, మీరే తేల్చుకోండి అంది. నాకు పొగంటే గిట్టదు. కళ్లు మండుతాయి. నేను పొలానికి పోతా అని ముందే నోరేసుకుని అన్నా. అక్క నవ్వి, నీ కాళ్లు పెద్దవి, నువ్వే పోవే, అంది. అంతే. పాతికేళ్లు నేను ఎండలో, అది ఈ రాళ్ల పక్కన. తెల్లారకముందే లేచి, గొట్టంతో ఊది నిప్పు రాజేసేది. పొగ కమ్ముకుంటే దగ్గుతూ నవ్వేది. నేను చేలోంచి వణుక్కుంటూ వస్తే, ఎర్రటి బుగ్గల్తో కూర్చుని ఉండేది. దాని పని ఎంత సుఖమో అని కుళ్లుకునేదాన్ని. తెలుసా? చలిలో కలుపు తీస్తూ దాన్ని తిట్టుకునేదాన్ని. నా కోసం రోజూ ఒక దుంప బూడిదలో దాచేది. పిల్లలకి దొరక్కుండా ఇదిగో, ఈ చదును రాయి వెనకాల. ఆ దుంప తింటూనే తిట్టుకునేదాన్ని."

బొగ్గు చిటపటలాడింది.

"నలభై ఐదేళ్లకి పోయింది. చివర్లో పడుకోలేక, ఈ గోడకి ఆనుకునే కూర్చుని ఉండేది. చలేస్తోందంటే నేనే నిప్పు పెద్దది చేసేదాన్ని. ఇంకా పెద్దది చేసేదాన్ని." యూషియెన్ చేత్తో మోకాలు రుద్దుకుంది. "ఆ రోజు నేను నిప్పు కోరుకుని, అది పొలానికి పోయి ఉంటే ఎవరు ఉండేవారు, ఎవరు పోయేవారు, అది నీ లాబు చెబుతుందా పిల్లా?"

థావ్ చెంచా కాయితం మీద పెట్టింది. "ఎవరు పోయేవారో చెప్పలేదవ్వా. ఎవరు ఏం పీల్చారో చెబుతుంది. అంతవరకే."

"అంతవరకే చాలు. తీసుకో," అంది యూషియెన్. "ఆ పూల కాయితం మాత్రం నాకు వదిలెయ్."

రెండో నెలలో లీచియోంగ్‌కి ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లోనే. యూషియెన్ రెండు కోళ్లు, నలభై గుడ్లు, బెల్లం మోసుకుని కొండ దిగి చూసి వచ్చింది. పిల్ల బుగ్గలు వేలితో నిమిరింది. ఎర్రగా, గుండ్రంగా, చలిలో లోపలికి వచ్చినప్పుడు కనబడే ఆ గుయ్‌షియెన్ బుగ్గలే.

మూడో నెల చివర థావ్ ఫోన్ చేసింది. లీచియోంగ్ పుట్టింటి నుంచి వచ్చి ఉంది, బిడ్డని అమ్మ దగ్గర వదిలి. ఫోన్ అందరికీ వినబడేలా పెట్టి అత్తకి ఎదురుగా పట్టుకుంది.

"అవ్వా, పొగగొట్టం పొయ్యి రాకముందు పొరలున్నాయే, వాటిలో చెడ్డ మసి చాలా చాలా ఎక్కువ. మేము చూసిన ఏ ఇంటి దుమ్ములోనూ అంత లేదు. పొయ్యి కట్టిన ఏడు నుంచి బాగా తగ్గింది. కానీ సున్నా కాలేదు. నిరుటి పొరలో కూడా ఉంది."

"నిప్పుగుంట వల్ల," అంది యూషియెన్.

"నిప్పుగుంట వల్లే అయ్యుండాలి. ఒక్క ఇంటి జాడీతో అందరి సంగతీ తేల్చలేం. ఇంకా చాలా ఇళ్లు చూడాలి. కానీ మీ ఇంటి మాట అడిగితే, చంటిబిడ్డని ఆ గదిలో పడుకోబెట్టొద్దనే నేను చెబుతా."

"అందరి సంగతీ మీరు చూసుకోండి. నా ఇంటి సంగతే నాకు కావాలి," అంది యూషియెన్. తరవాత, "వేలు మానిందా?" అని అడిగింది.

"మచ్చ కూడా లేదు."

"మసి అద్ది ఉంటే మచ్చ పడేది. నల్లగా. మా ఇంట్లో అందరికీ ఉన్నాయి." తన ఎడమ అరచెయ్యి చూసుకుంది. చర్మం కింద నీలంగా మూడు గీతలు.

ఆ సాయంత్రం ఆఖరిసారి నిప్పు వేసింది. లీచియోంగ్ వద్దనలేదు, పక్కన వచ్చి కూర్చుంది కూడా. కిటికీలు రెండూ బార్లా తీసి పెట్టి కూర్చుంది, అది వేరే సంగతి. కొడుకు లారీ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడి, "నాకు దుంప ఏది?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"వెతుక్కో," అంది యూషియెన్.

వాడు బూడిదంతా కెలికాడు. దొరకలేదు. అప్పుడు చదును రాయి వెనక చెయ్యి పెట్టి, మగ్గిన దుంప తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఆ రాయి వెనక వేడి సమానంగా ఉంటుందట. గుయ్‌షియెన్‌కి తెలుసు. ఇంతకాలానికి ఈవిడ కూడా అక్కడ పాతి చూసింది.

మర్నాడు పొలం నుంచి తట్టలతో మట్టి మోసింది. కొడుకు పార పట్టుకోబోతే కసిరింది, వేలిముద్ర వేసింది నేనా నువ్వా అని. గుంట నిండాక, చుట్టూ ఉన్న రాళ్లు తీసి పెరట్లో కోళ్ల గూటికి వేసింది. చదును రాయి ఒక్కటి కోళ్లకి ఇవ్వలేదు. గుమ్మం పక్కన పెట్టుకుని, దాని మీద కూర్చుంటుంది. మరుసటి నెలాఖరుకి బిడ్డ ఇంటికి వచ్చింది. ఉయ్యాల ఆ పూడ్చిన చోటే వేశారు. పట్నం నుంచి కొడుకు తెచ్చిన కరెంటు పొయ్యి గోడ పక్కన ఎర్రగా వెలుగుతుంది. యూషియెన్‌కి అదంటే కోపం. "వాసన లేదు, మాట లేదు. ఇది నిప్పా? నిప్పు ఫోటో," అంటుంది.

మళ్లీ పన్నెండో నెల వచ్చింది. థావ్ కబురు పంపింది. గుంట పూడ్చాక దుమ్ము ఎలా ఉందో చూడాలట, ఇరవై ఆరున వస్తుందట. ఈసారి ఊరిపెద్ద మైకు పట్టుకోకముందే యూషియెన్ ఇంటింటికీ తిరిగింది. "చీపురు పట్టిన చెయ్యి విరగ్గొడతా. ఆ పిల్ల చీటీలు పంచడానికి రాదు. దుమ్ముంటేనే దానికి పని. ఎవరింట్లో ఎక్కువుంటే వాళ్లింట్లోనే ఎక్కువసేపు కూర్చుంటుంది."

"అయితే ఈసారి కూడా నా ఇంట్లో కూర్చోదన్నమాట," అంది షున్‌యింగ్ దిగాలుగా.

"నీ దూలం మీద గుమ్మడి విత్తు వేస్తే మొలుస్తుంది. నువ్వు భయపడకు."

ఇరవై నాలుగు వచ్చింది. పక్క లోయ ఊళ్లల్లో బూజుకర్రలు ఆడుతున్నాయి. యూషియెన్ చేతులు ఒళ్లో పెట్టుకుని రాయి మీద కూర్చుంది. ఇరవై ఐదు. కోడలు చూస్తుండగా రెండు సార్లు లేచి, రెండు సార్లూ కూర్చుంది. ఇరవై ఆరు పొద్దున థావ్ గుమ్మంలో బురద దులుపుకుంటోంది. తలుపు మీద పదకొండు ఎర్ర చీటీలు. లోపల దూలం నుంచి, కిటికీ పలకల నుంచి, పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి, పరాయి మనిషి కంటికి కనబడేలా బూజు వేలాడుతోంది. నల్లది కాదు. ఉత్త బూడిద రంగు, పిల్లి బొచ్చులా మెత్తటిది.

"తీసుకో," అంది యూషియెన్, మొహం పక్కకి తిప్పుకుని. "నా పరువు కూడా అందులోనే ఉంది. కలిపి పట్టుకుపో."

పిల్ల సీసాలు నింపుకునేంతసేపూ ఉయ్యాల ఊపుతూ కూర్చుంది. ఆ తరవాత పొగగొట్టం పొయ్యి మీద ఉడికిన బంగాళాదుంపలు పళ్లెంలో పోసి, ఉప్పూ కారం పెట్టింది. థావ్ ఒకటి కొరికి, నెమ్మదిగా నమిలింది.

"చెప్పు," అంది యూషియెన్. "చప్పగా ఉంది కదా."

"కొంచెం."

"కొంచెమా? గడ్డి. నీళ్లలో ఉడికిన దుంప ఎప్పటికీ అంతే." తనూ ఒకటి తీసుకుని, తొక్క ఒలిచి, ఉప్పులో గట్టిగా అద్దింది. ఉయ్యాలలో పిల్ల ఎర్రటి బుగ్గల్తో కళ్లు తెరిచి పైకి, పంది తొడలు లేని కొక్కెం వైపు చూస్తోంది. కొక్కేనికి దారం కట్టి వేలాడదీసిన ఎర్ర కాయితపు పువ్వు, అంచులు మసిబారి, గాలికి మెల్లగా తిరుగుతోంది.